ఎవరి చేతి మీదుగా ఈ వలస? చిత్తూరు, తిరుపతి కూలీల చుట్టూ నడుస్తున్న వాదాలు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో వలస గురించి మాట్లాడాలంటే ముందు ఏ వలసో చెప్పుకోవాలి. కుప్పంలో పొద్దు పొడవకముందే బెంగళూరు రైలెక్కి రాత్రికి ఇల్లు చేరే కూలీ ఉన్నాడు. పాత చిత్తూరు జిల్లాలోని పీలేరు, వాల్మీకిపురం, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్ పోయి రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఇంటిముఖం చూసే ఇల్లాలు ఉంది. సత్యవేడు దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనికి పొరుగూళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలున్నారు. ఒడిశా నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చి ఇటుక బట్టీ పక్కనే గుడిసె వేసుకునేవాళ్ళున్నారు. శేషాచలం అడవిలో ఎర్రచందనం నరుకుతూ గొడ్డలితో దొరికిపోయే తమిళనాడు జవ్వాది కొండల మనిషీ ఉన్నాడు. మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న ఈ నేల కూలీలను పంపిస్తుంది, రప్పించుకుంటుంది, తన మీదుగా సాగనంపుతుంది కూడా.

వీళ్ళ గురించి చరిత్రకారులు, ఆర్థికవేత్తలు, కార్మిక సంఘాలవాళ్ళు, హక్కుల కార్యకర్తలు విడివిడిగా చాలా రాశారు. ఇప్పుడు ఆ రాతలన్నీ చిక్కుముడి పడ్డాయి. ఓడల కాలం గురించి ఒకరు తేల్చిన మాటను ఇంకొకరు గల్ఫ్‌కు అతికిస్తున్నారు. గుజరాత్ చెరకుతోటల్లో కనబడిన బంధాన్ని బెంగళూరు బేల్దారి పనిలో వెతుకుతున్నారు. అందుకే ఆ వాదాలను వరసగా పేర్చి చూడాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. కూలీలు ఎందుకు పోతున్నారన్న ప్రశ్న మీద మనం చేసినంత చర్చ, ఎవరి చేతి మీదుగా, ఎవరి బాకీ మీద పోతున్నారన్న ప్రశ్న మీద చేయలేదు. కార్మికోద్యమానికి పనికొచ్చేది ఈ రెండో ప్రశ్నే.

ఓడల కాలం: బానిసత్వమా, బయటపడే దారా

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు ఇందులో చాలా భాగం ఉత్తర ఆర్కాడు జిల్లా. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకుతోటలకు కూలీలతో మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళు సుమారు లక్షా యాభై రెండు వేల మంది. ఓడల జాబితాలను తిరగేసిన చరిత్రకారుడు సురేంద్ర భానా 1991లో వెలువరించిన అధ్యయనంలో, దక్షిణాది నుంచి ఎక్కువమందిని పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాడు ముందు వరసలో కనిపిస్తుంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి పోయిన ఓడల్లోనూ ఈ జిల్లా మనుషులున్నారు. డర్బన్‌లో 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది ఇలా వెళ్ళినవాళ్ళ సంతానమే.

ఈ కాలం మీద రెండు పెద్ద వాదాలున్నాయి. 1974లో హ్యూ టింకర్ రాసిన పుస్తకం గిర్మిట్ అనే ఒప్పంద కూలీ పద్ధతిని కొత్తరకం బానిసత్వంగా చూపింది. బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులకు చేతులు కావలసి వచ్చాయి. కరువు, అప్పు, అబద్ధాలు కలిసి ఆ చేతులను అందించాయి. 1876–78 మహాకరువులో రాయలసీమ ఎలా ఎండిపోయిందో తెలిసినవాళ్ళకు ఈ వాదాన్ని కాదనడం కష్టం. 1983లో బ్రిజ్ లాల్ దీనికి ఎదురు నిలిచాడు. ఫిజీలో గిర్మిటియాల మనవడుగా పుట్టిన ఈ చరిత్రకారుడు ఉత్తరాది నుంచి వెళ్ళిన సుమారు 45 వేల మంది వలస పాసులను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. వాళ్ళలో చాలామంది ఫిజీ కంటే ముందే ఊరు విడిచి తిరిగినవాళ్ళని, అన్ని కులాలవాళ్ళూ ఉన్నారని, తెలియక మోసపోయిన అమాయకులుగా వాళ్ళందరినీ ఒకే గాటన కట్టడం తగదని చూపాడు.

తెలుగువాళ్ళ మీద ఈ దిశలో గట్టి పని చేసినవారు ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రకారుడు అడపా సత్యనారాయణ. బర్మాకు, మలయాకు పోయిన తెలుగు కూలీల గురించి ఆయన రాసినదాంట్లో ప్రధానంగా కనబడేది కోస్తా జిల్లాలే. కానీ అందులో ఒక మనిషి ప్రాంతాలకు అతీతంగా వస్తాడు. బర్మాకైతే మేస్త్రీ, సింహళానికీ మలయాకూ అయితే కంగాణీ. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చేది ఇతనే, ఓడ ఎక్కించేది ఇతనే, అక్కడ ముఠాను పనిచేయించేదీ, కూలీలోంచి బాకీ కోసుకునేదీ ఇతనే. టింకర్ వర్గం ఇతన్ని దళారీ అంది. లాల్ వర్గం దారి తెలిసిన బంధువు అంది. ఒకే ఊళ్ళో ఇతను ఆ రెండూ అయివుండవచ్చు. అయినా ఆనాటి వాదం ఇతని దగ్గర ఆగలేదు. బలవంతమా, ఇష్టమా అన్న గీత దగ్గరే ఉండిపోయింది.

కోలారు గనుల పాఠం

ఓడ ఎక్కకుండానే వలస పోవడానికి పలమనేరు, కుప్పం వాళ్ళకు కూతవేటు దూరంలో కోలారు బంగారు గనులు ఉండేవి. 1880లలో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ సంస్థ తవ్వకం మొదలుపెట్టాక గనుల్లోకి దిగినవాళ్ళలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల దళితులు, ముఖ్యంగా ఉత్తర ఆర్కాడువాళ్ళు. ఇంట్లో తమిళమో తెలుగో మాట్లాడుతూ మైసూరు సంస్థానంలో పరాయివాళ్ళుగా బతికారు. భూమి మీద ఉన్నప్పుడు అంటరానితనం, భూమి కింద ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి రాతిధూళి. అయినా ఊళ్ళో పెత్తందారు దొడ్లో వెట్టి చేయడం కన్నా గని నయమనుకున్నవాళ్ళే ఎక్కువ. వలసను దుఃఖగాథగా మాత్రమే చెప్పుకోవడానికి అలవాటుపడిన మనం ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

జానకీ నాయర్ 1998లో ప్రచురించిన ‘మైనర్స్ అండ్ మిల్‌హ్యాండ్స్’ ఈ గనుల చరిత్రకు ఇప్పటికీ దిక్కు. అందులో 1930 సమ్మె ఘట్టాన్ని దగ్గరగా చదవాలి. కార్మికులందరూ పేరు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలని ఆ ఏడు యాజమాన్యం ఆదేశించింది. అప్పటిదాకా ఒక గనిలో పడకపోతే పేరు మార్చుకుని ఇంకో గనిలో చేరేవాళ్ళు. ఒక మేస్త్రీ దగ్గర బాకీ పెరిగితే ఇంకొకరి దగ్గరికి పోయేవాళ్ళు. కాగితం మీద వేలిముద్ర పడితే ఆ వెసులుబాటు పోతుంది. గుర్తింపు పొందిన యూనియన్ అంటూ లేని ఆ రోజుల్లో పని ఆగిపోయింది, ఇరవై ఒక్క రోజులు ఆగింది. కూలి పెంచమని కాక, తమ కదలిక మీద కాపలా పెట్టవద్దని కూలీలు చేసిన సమ్మె అది. చదువులేని కూలీలకు సంఘటిత చైతన్యం ఉండదని రాసేవాళ్ళకు ఇంతకు మించిన జవాబు అక్కరలేదు.

గనులు 1956లో ప్రభుత్వపరమయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తరతరాలుగా గనిలో బతికినవాళ్ళ పిల్లలు ఇప్పుడు కుప్పం కూలీలు ఎక్కే బెంగళూరు రైళ్ళే ఎక్కుతున్నారు.

నీటి వాదం

రాయలసీమలో వలస అనగానే ముందుగా వినబడే వివరణ నీళ్ళు. 1937 నవంబర్ 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మాట నిలబడలేదని, కృష్ణ, తుంగభద్ర నీటిలో సీమకు రావలసిన వాటా రాలేదని, అందుకే సేద్యం చచ్చి జనం ఊళ్ళు వదులుతున్నారని ఈ వాదం. దీనికి గట్టి గొంతునిచ్చినవారిలో ప్రొద్దుటూరు ఎం.వి. రమణారెడ్డి ఒకరు. వృత్తికి వైద్యుడు, కార్మిక నాయకుడు, రచయిత, శాసనసభ్యుడు. ‘రాయలసీమ కన్నీటిగాథ’ రాసి, రాయలసీమ విమోచన సమితి నడిపి, 2021లో కన్నుమూసిన మనిషి. కార్మిక నాయకుడే ప్రాంతీయ ఉద్యమానికి పుస్తకం రాసిపెట్టడం సీమ ప్రత్యేకత. పండితుడు ఒకచోట, ఉద్యమకారుడు ఒకచోట ఉండే పరిస్థితి ఇక్కడ తక్కువ.

ఈ వాదంలో నిజం ఉంది. వెయ్యి అడుగులు దాటినా తడి తగలని బోరుబావులు ఎన్ని కుటుంబాలను బెంగళూరు బాట పట్టించాయో చిత్తూరు పడమటి మండలాల్లో ఎవరినడిగినా చెబుతారు. బోరు అప్పు తీర్చడానికే కువైట్ పోయినవాళ్ళు ఊరికి కొందరున్నారు.

అయితే నీటి వాదం భూమి ఉన్నవాడి కళ్ళతో చూస్తుంది. సెంటు భూమి లేని మాలమాదిగల, యానాదుల, ఇరులర్ల వలసను అది పూర్తిగా వివరించలేదు. కాలువ నీళ్ళొస్తే వాళ్ళకు దొరికేది మళ్ళీ ఆ పొలంలోనే కూలి. 2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలువ మీదుగా కృష్ణా జలాలు కుప్పం చేరాయి. నీటి వాదానికి ఇది మొదటి పెద్ద పరీక్ష. టమాటా, మల్బరీ, పాడి కలిసి కుర్రవాళ్ళను ఊళ్ళో నిలుపుతాయా, లేక ఊరి సేద్యం వయసు మళ్ళినవాళ్ళకు వదిలేసి వాళ్ళు రైలే ఎక్కుతారా అన్నది రాబోయే నాలుగైదు ఏళ్ళలో తేలుతుంది.

తట్టుకోవడం, కూడబెట్టడం, వెలికావడం

దేశంలోపలి వలసల మీద ఇప్పటి చర్చకు ఒక కొస జాన్ బ్రెమన్. ఈ డచ్ సమాజశాస్త్రవేత్త 1960ల మొదట్లో దక్షిణ గుజరాత్ పల్లెల్లో అడుగుపెట్టి దశాబ్దాల తరబడి అక్కడి భూమిలేని కూలీల వెంట నడిచాడు. 1996 నాటి ‘ఫుట్‌లూస్ లేబర్’లో ఆయన చెప్పింది స్థూలంగా ఇది: పాత పాలేరుతనం పోయింది, కానీ స్వేచ్ఛ రాలేదు. అడ్వాన్సు అనే కొత్త తాడు వచ్చింది. అది ఒక సీజనుకే, ఒక దళారీకే కట్టుబడి ఉంటుంది. యజమానికి కూలీ మీద బాధ్యత లేదు, హక్కు మాత్రం ఉంది. ఇంకో కొసన ప్రియా దేశింగ్కర్ ఉన్నారు. 2003లో డేనియల్ స్టార్ట్‌తో కలిసి ఆమె రాసిన పత్రం ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ గ్రామాల మీద. ఆంధ్రలో మెదక్, కృష్ణా జిల్లాలతో పాటు చిత్తూరు జిల్లా పల్లెలూ అందులో ఉన్నాయి. గండం గట్టెక్కడానికి పోయేవాళ్ళు, నాలుగు డబ్బులు కూడబెట్టడానికి పోయేవాళ్ళు, పోదామన్నా దారి దొరకక మిగిలిపోయేవాళ్ళు అని మూడు రకాలవాళ్ళను ఆ పత్రం విడదీసి చూపింది. చెన్నై, బెంగళూరు, తిరుపతి దగ్గరగా ఉండటం చేత మన పల్లెలకు రెండో దారి కొంత తెరుచుకుంది.

వీళ్ళిద్దరి నడుమ మరి కొందరు. ఝార్ఖండ్ నుంచి బట్టీలకు పోయే యువత ఊరి కట్టుబాట్ల నుంచి, పెద్దల నిఘా నుంచి దూరంగా కొన్నాళ్ళు బతకడానికి కూడా పోతారని 2006లో అల్పా షా రాసింది. పశ్చిమ భారతంలో క్లెమెంట్ ఇంబెర్ట్, జాన్ పాప్ చేసిన పరిశోధనలో, నగరంలో ఎక్కువ కూలి దొరుకుతుందని తెలిసినా ఊళ్ళో ఉపాధి హామీ పని ఉంటే దానికే మొగ్గేవాళ్ళు చాలామంది అని తేలింది. ఊరు విడవడానికి మనిషి చెల్లించే ధర కూలి లెక్కల్లో కనబడదని దాని అర్థం. ఆ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లెలో.

ఈ వాదాలన్నీ ఇటుక బట్టీ లెక్క ముందు పెట్టి చూస్తే ఎవరి మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది. వానలు వెనకపట్టాక మేస్త్రీ ఊరికి వస్తాడు. పండగ ఖర్చో, ఆస్పత్రి ఖర్చో, కూతురి పెళ్ళో ఏదో ఒకటి ఉంటుంది. ఇంతమంది చేతులకు ఇంత అని జంటగా, కుటుంబంగా అడ్వాన్సు ఇస్తాడు. సీజను మొదలయ్యాక కూలి రోజుకింత అని ఉండదు, వెయ్యి ఇటుకలకు ఇంత. మట్టి తొక్కడం, అచ్చు పోయడం, ఆరబెట్టడం, పేర్చడం, వీటిలో పిల్లల చేతులూ కలుస్తాయి. వానకు తడిసి విరిగిన ఇటుక లెక్కలోకి రాదు. వారానికోసారి బియ్యానికీ ఉప్పుకూ సరిపడా ‘ఖర్చులు’ ఇస్తారు. ఎండాకాలం చివర పుస్తకం తెరుస్తారు. పోసిన ఇటుకల్లోంచి అడ్వాన్సు, ఖర్చులు, మందులు తీసేస్తే మిగిలేది చేతికొస్తుంది. మిగలకపోతే వచ్చే ఏడు అదే బట్టీ. ఆ పుస్తకం కూలీ చేతికి రాదు.

బ్రెమన్ చెప్పిన తాడు ఇక్కడ కళ్ళెదుటే ఉంది. అదే పల్లె నుంచి బేల్దారి మేస్త్రీతో బెంగళూరు పోయి, మొదట సిమెంటు మోసి, మూడేళ్ళలో తాపీ పట్టి, ఆ తర్వాత తానే చిన్న ముఠా కట్టుకున్న కుర్రవాడి బతుక్కి మాత్రం దేశింగ్కర్ మాటే సరిపోతుంది. తేడా ఎక్కడుంది? దూరంలో లేదు, పని బరువులోనూ లేదు. బయల్దేరేనాటికి చేతిలో పడ్డది అప్పా, అడ్రసా అన్నదే తేడా. రెండు వాదాల్లో ఏది నిజమని పంతం పట్టడం కంటే ఏ పనిలో ఏది నిజమో చూసుకోవడం మేలు.

కువైట్ దారి, రక్షణ పేరిట కంచె

గల్ఫ్ వలసలో కడప, చిత్తూరు పడమటి ప్రాంతాల ప్రత్యేకత ఆడవాళ్ళు. ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్ పోయేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. ఇక్కడి నుంచి మగవాళ్ళు డ్రైవర్లుగా పోతే ఆడవాళ్ళు ఇంటిపనికి, అక్కడి మాటలో ఖద్దామాగా పోతారు. పాస్‌పోర్టు కఫీల్ (పూచీదారు యజమాని) దగ్గర, అకామా (నివాస అనుమతి) కఫీల్ చేతిలో, ఫోను ఎప్పుడిస్తారన్నది అమ్మగారి దయ.

ఈ ఆడవాళ్ళను కాపాడాలని భారత ప్రభుత్వం చేసిన కట్టడి పెద్దది. 1983 వలసల చట్టం కింద, పదో తరగతి గట్టెక్కనివాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే ముప్పై ఏళ్ళు నిండాలి. యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలన్న నియమం వచ్చింది, కువైట్ విషయంలో 2017లో దాన్ని సడలించారు. 2016 ఆగస్టు నుంచి ఈ నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్నారు.

దీని మీద అభిప్రాయాలు రెండుగా చీలాయి. పత్రికలూ, చాలా స్వచ్ఛంద సంస్థలూ ఇంకా కట్టుదిట్టం కావాలంటాయి. ఏడుస్తూ పంపిన వీడియో ఒకటి బయటికొచ్చిన ప్రతిసారీ ఈ కోరిక బలపడుతుంది. ప్రవీణా కోడోత్, వి.జె. వర్గీస్ 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం దీన్ని తిప్పికొట్టింది. వయసు నిబంధన ఆడవాళ్ళను ఆపలేదు, దొంగదారి పట్టించింది అని వాళ్ళ వాదన. ముప్పై నిండనామె పుట్టిన తేదీ మార్చుకుంటుంది, విజిటింగ్ వీసా మీద దుబాయి మీదుగా పోతుంది. ఆ క్షణం నుంచి ఆమె తప్పు చేసిన మనిషి. ఆపద వస్తే రాయబార కార్యాలయం తలుపు తట్టడానికే జంకుతుంది. ఏజెంటు పట్టు అక్కడే బిగుస్తుంది.

నాకు ఈ రెండో వాదమే సబబుగా కనిపిస్తుంది. ఆడమనిషి కదలికను నేరం చేసే చట్టం ఆమెను కాపాడలేదు. కువైట్ 2015లో 68వ నంబరు చట్టంతో ఇంటిపనివాళ్ళకు పని గంటలు, వారాంతపు సెలవు రాసిపెట్టింది. మన దేశంలో ఇంటిపనివాళ్ళకు దేశమంతటికీ వర్తించే అటువంటి ప్రత్యేక చట్టం లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళ కోసం 2011లో చేసిన 189వ ఒడంబడికను భారత్ ఆమోదించలేదు. సొంత ఇంట్లో పనిమనిషికి హక్కు ఇవ్వని దేశం పరాయి దేశంలో దాన్ని అడగడానికి నోరు ఎలా పెగులుతుంది?

వచ్చేవాళ్ళు

పోయేవాళ్ళ మీద ఉన్న సానుభూతి వచ్చేవాళ్ళ మీద లేదు. దీనికి అన్నిటికంటే కటువైన ఉదాహరణ 2015 ఏప్రిల్ 7. ఆ రోజు తిరుపతి దగ్గర శేషాచలం అడవుల్లో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. అందరూ తమిళనాడువాళ్ళే, తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం వైపు పల్లెలవాళ్ళు. గొడ్డళ్ళతో, రాళ్ళతో దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులన్నారు. కొందరిని ముందురోజే దారిలో పట్టుకున్నారని ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు చెప్పారు. మదురైకి చెందిన పీపుల్స్ వాచ్ ఆ సాక్షులను జాతీయ మానవహక్కుల సంఘం ముందు నిలబెట్టింది. పౌరహక్కుల సంఘాలు హైకోర్టుకు వెళ్ళాయి.

అటువైపు వాదన కూడా చెప్పుకోవాలి. 2013 డిసెంబర్‌లో ఇదే అడవిలో ఇద్దరు అటవీ సిబ్బందిని దుంగలు నరికేవాళ్ళు చంపేశారు. ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా పెరగని చెట్టు కళ్ళముందే తరిగిపోతోంది. అడవిని కాచే చిన్న ఉద్యోగి ప్రాణం కూడా ప్రాణమే.

కానీ వలస అధ్యయనాలు ఈ ఘటనను దాదాపు పట్టించుకోకపోవడం నాకు మింగుడుపడదు. పత్రికలు ‘ఎర్రకూలీలు’ అని రాస్తున్నాయంటే వాళ్ళు కూలీలని అందరికీ తెలుసు. అడ్వాన్సు ఉంది, మేస్త్రీ ఉన్నాడు, ముఠా ఉంది, దుంగ బరువుకు కూలి ఉంది. ఇటుక బట్టీలో ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి. పని చట్టవిరుద్ధమైతే పనివాడు కార్మికుడు కాకుండా పోతాడా? కార్మిక సంఘాలు ఈ ప్రశ్న దగ్గరికి రాలేదు, హక్కుల సంఘాలకు వదిలేశాయి. గణితంలో పండితుడై, న్యాయవాదిగా మారి, 1998లో మానవ హక్కుల వేదిక స్థాపనలో ముందు నిలిచిన కె. బాలగోపాల్ 2009లోనే పోయారు. చట్టం ఎవరిని నేరస్థుడంటుందో వాడి బతుకు లెక్క కూడా విప్పి చూడాలన్న పద్ధతి ఆయన రాతల్లో నిండుగా ఉంది. ఎర్రకూలీల మీద అంత నిదానమైన అధ్యయనం ఇంకా రావలసే ఉంది.

సంఘం ఎక్కడ కట్టాలి

కార్మిక సంఘం ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టింది. వలస కూలీకి గేటు ఒకచోట, ఇల్లు ఒకచోట, ఓటు ఒకచోట. ఈ సమస్యకు ప్రపంచంలో మూడు రకాల జవాబులు వినబడుతున్నాయి.

మొదటిది అమెరికన్ పండితుడు, కార్యకర్త ఇమ్మాన్యుయేల్ నెస్ లాంటివారిది. 2015 నాటి ‘సదరన్ ఇన్సర్జెన్సీ’లో ఆయన భారత్, చైనా, దక్షిణాఫ్రికాల్లోని కొత్త పారిశ్రామిక కార్మికుల తిరుగుబాట్లను వివరించాడు. పాత యూనియన్లు వెనకబడ్డా, పల్లెల నుంచి వచ్చిన యువ కార్మికులు సొంతంగా లేస్తారని ఆయన నమ్మకం. మన చుట్టుపక్కల దీనికి ఆధారాలున్నాయి. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ నిబంధన మార్పు మీద బెంగళూరు గార్మెంట్ కార్మిక స్త్రీలు యూనియన్ పిలుపు లేకుండానే రోడ్లు నింపేశారు, కేంద్రం వెనక్కి తగ్గింది. 2021 డిసెంబర్‌లో శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ అమ్మాయిలు హాస్టల్ భోజనం విషమై తోటివాళ్ళు ఆస్పత్రి పాలైనప్పుడు చెన్నై–బెంగళూరు హైవేను దిగ్బంధించారు. అదే సంస్థకు శ్రీసిటీలోనూ ఫ్యాక్టరీ ఉంది, అక్కడా ఎక్కువగా అమ్మాయిలే. కానీ ఇలా లేచిన కెరటం వెనక మిగిలే సంఘం ఏమిటన్నదానికి నెస్ దగ్గర సరైన జవాబు లేదు.

రెండోది సమాజశాస్త్రవేత్త రీనా అగర్వాలా 2013లో చెప్పింది. అసంఘటిత కార్మికులు యజమానిని వదిలి ప్రభుత్వాన్ని పట్టుకున్నారు. మారే యజమానితో బేరమాడలేక ఓటు బలంతో సంక్షేమ బోర్డు, గుర్తింపు కార్డు, పిల్లల స్కాలర్‌షిప్ సాధించారు. 1996 నిర్మాణ కార్మికుల చట్టం ఈ దారిలోదే. కుప్పం బేల్దారివాడి దగ్గర ఈ దారి మూసుకుపోతుంది. అతని చెమటతో లేచిన భవనం సెస్సు కర్ణాటక బోర్డుకు పోతుంది, అతని ఓటు ఆంధ్రలో ఉంటుంది.

మూడోది కోర్టు దారి. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు చెప్పింది. కేసు వేసింది పీయూడీఆర్ అనే హక్కుల సంఘం. అప్పటికి మూడేళ్ళ ముందు వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు, అంతకు పైబడి కూలీలను తెచ్చే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలని, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలని చెప్పింది. కాగితం మీద బలమైన చట్టం, నేల మీద దాదాపు లేని చట్టం. 2025 నవంబర్ 21న కేంద్రం అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రతా కోడ్ దాన్ని తనలో కలిపేసుకుంది. ఇప్పుడు సొంతంగా వచ్చిన కూలీ కూడా నిర్వచనంలోకి వస్తాడు, అది మేలు. కానీ పదిమంది ఉంటేనే చట్టం వర్తిస్తుంది, స్థానభ్రంశ భత్యం పోయింది. తొమ్మిదిమంది ముఠాతో పనిచేయించే మేస్త్రీకి ఇది ఎంత అనువైన లెక్కో చెప్పక్కరలేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తెలిసేది ఇది. తిరుగుబాటు దారికి ఊపు ఉంది, నిలకడ లేదు. సంక్షేమ దారికి నిలకడ ఉంది, రాష్ట్రం గీత దాటలేదు. కోర్టు దారి గీతలు దాటుతుంది, కూలీ చేతిదాకా రాదు. తిరుపతిలోనే చూడండి. 2021 చివర్లో టీటీడీ పారిశుద్ధ్య కాంట్రాక్టు కార్మికులు పరిపాలనా భవనం ఎదుట చలిలో రోజుల తరబడి కూర్చున్నప్పుడు, వాళ్ళ కోరికలో ముఖ్యమైనది ప్రైవేటు ఏజెన్సీ చేతి నుంచి తమను తప్పించమనే. పని ఇచ్చే సంస్థ ఒకటి, జీతం ఇచ్చే చేయి ఇంకొకటి అయినప్పుడు సంఘం ఎవరితో బేరమాడాలి? ఊరు దాటని కార్మికుడికి కూడా ఇది వలస కూలీ ప్రశ్నే.

తేలని లెక్కలు

వాదాలు ముందుకు సాగకపోవడానికి ఒక కారణం లెక్కలు లేకపోవడం. 2011 జనగణన దేశంలో వలసదారులు 45 కోట్ల పైచిలుకు అంది. అందులో అతిపెద్ద వర్గం పెళ్ళై అత్తారింటికి పోయిన ఆడవాళ్ళే. 2007–08 జాతీయ నమూనా సర్వే ఒక నెల నుంచి ఆరు నెలల దాకా పనికి పోయొచ్చేవాళ్ళను లెక్కపెడితే సుమారు కోటీ 36 లక్షలు తేలారు. దేశింగ్కర్ అంచనా పది కోట్లు. ఒకే దేశంలో ఒకే రకం మనుషుల మీద ఇంత తేడా. పొద్దున పోయి రాత్రికి వచ్చే కుప్పంవాళ్ళు ఈ లెక్కల్లో దేనిలోనూ పడరు. కేరళలో కె.సి. జకారియా, ఇరుదయ రాజన్ 1998 నుంచి ఇంటింటి వలస సర్వేలు వరసగా నడిపారు. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి సంప్రదాయం ఏర్పడలేదు. తిరుపతిలో ఎస్వీ, మహిళా విశ్వవిద్యాలయాలుండగా ఈ పని చేయడానికి చేతులు లేవనడం కుదరదు.

అటువంటి సర్వే మొదలైతే ఒక వరస ప్రశ్నలు తప్పక అడగాలి. అడ్వాన్సు ఎవరిచ్చారు, ఎంత, ఏ పనికి, ఎవరి పూచీ మీద, తీరకపోతే ఏమవుతుందన్నారు. గల్ఫ్ దారిలో 1983 వలసల చట్టం లైసెన్సున్న ఏజెంటునే గుర్తిస్తుంది. పల్లెలో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటు లేదు కాబట్టి మోసపోయినామె ఫిర్యాదులో రాయడానికి అతని పేరు ఉంటుంది గానీ హోదా ఉండదు. ఇటుక బట్టీ మేస్త్రీదీ, దుంగల మేస్త్రీదీ ఇదే స్థితి. ఇతన్ని పూర్తిగా తొలగించి ప్రభుత్వమే ఆ పని చేయాలా, లైసెన్సు ఇచ్చి జవాబుదారీ చేయాలా, లేక కూలీల సహకార సంఘాలే అడ్వాన్సు ఇచ్చే స్థితికి రావాలా అన్న విషయంలో పండితులూ ఉద్యమకారులూ ఏకాభిప్రాయానికి రాలేదు. ప్రభుత్వ ఏజెన్సీ దారిని గల్ఫ్ ఇంటిపని విషయంలో 2016 నుంచి చూస్తూనే ఉన్నాం, దొంగదారి మూతపడలేదు. లైసెన్సు దారిని 1979 చట్టంతో చూశాం. మూడో దారిని రాయలసీమలో ఇంకా ఎవరూ గట్టిగా ప్రయత్నించి చూడలేదు.